సాయం పంచిన సినిమా హాలు

చివరి వరుస తుడవడం అయ్యేసరికి బ్లీచింగు వాసన అతని కళ్ళల్లోకి ఎక్కింది. భుజంతో కళ్ళు ఒత్తుకుని, బకెట్లో మిగిలిన నీళ్ళు వెనకవైపు కాలువలో పారబోసి, తడిగుడ్డ పిండి కిటికీ ఊచ మీద ఆరేశాడు. పక్కపక్కన ఎవరూ కూర్చోకుండా సీటు విడిచి సీటుకి తాడు కట్టి ఉంది. ఆ తాళ్ళు వదులయ్యాయేమోనని ఒక్కొక్కటీ లాగి చూసుకుంటూ కిందికి నడిచాడు. తెరకి దుమ్ము పట్టకుండా తెల్లగుడ్డ కప్పారు. ఫ్యాను గాలికి అది మెల్లగా ఉబ్బుతోంది, మళ్ళీ అణుగుతోంది. దాని కింద ఎవరో ఊపిరి తీస్తున్నట్టే ఉంటుంది. రోజూ చూసేదే అయినా అటు చూడకుండానే స్టేజీ మీద బల్ల వేసి, రెండు కుర్చీలు సర్ది, బయటికి వచ్చేశాడు.

అతన్ని అందరూ టార్చి అంటారు. మూతి మీద మీసం రాకముందే ఆ హాల్లో టార్చిలైటు పట్టుకుని సీట్లు చూపించే పనిలో చేరాడు. ఇప్పుడు ఆ మీసం నెరిసిపోయింది. ఇన్నేళ్ళలో ఏ సినిమా మొదలూ చూసిన పాపాన పోలేదు. ఆలస్యంగా వచ్చేవాళ్ళకి దారి చూపించేసరికే కథ సగంలో పడేది. హీరో ఎవరిమీద ఎందుకు పగబట్టాడో రాత్రి ఇంటికి వెళ్ళాక భార్య చెబితే తెలిసేది. ఆవిడ పోయాక ఆ సంగతులు చెప్పే మనిషే లేకపోయింది. కూతురు పెళ్ళి చేసుకుని వేరే ఊళ్ళో ఉంది. రోడ్లు మూసేశాక ఆమె గొంతు ఫోనులో వినడమే.

ఊళ్ళోకి అంటుజబ్బు వచ్చి హాలు మూతపడింది. పనులు పోయిన ఇళ్ళకి సర్కారు సాయం ప్రకటించాక, కుర్చీలున్న పెద్ద చోటు కావాలని ఇదే హాలు మళ్ళీ తెరిపించారు. మేనేజరు అతన్నే పిలిచి, అదే గుమ్మం దగ్గర నిలబెట్టి, చేతిలో జ్వరం చూసే గన్ను పెట్టాడు. మనిషి స్వయంగా వచ్చి సాయం తీసుకోవాలి. జ్వరం ఉంటే లోపలికి పంపకూడదు. రోడ్డవతల ఆగి ఉన్న వ్యాను ఎక్కించాలి. ఆ వ్యాను ఊరి చివరి ఆసుపత్రికి వెళుతుంది. అక్కడికి వెళ్ళినవాళ్ళకి కోలుకుని తిరిగొచ్చాకే సాయం. తిరిగొచ్చినవాళ్ళెవరూ ఇంతవరకూ అతని గుమ్మం ముందుకు రాలేదు.

వ్యాను ఇంజను ఎప్పుడూ ఆపరు. ఆ గురగుర అతని అరికాళ్ళకి తెలుస్తూనే ఉంటుంది.

ఎండ గోడ దిగేసరికి వరస వీధి మలుపు దాటింది. ఇంతమంది ఉన్నా సందడి లేదు. దగ్గు వచ్చినవాళ్ళు గుటక వేసి మింగేస్తున్నారు. అతను ఒక్కొక్కరి నుదుటికీ గన్ను ఎత్తి, పచ్చదీపం వెలిగితే నంబరు చీటీ ఇచ్చి లోపలికి పంపుతున్నాడు. దర్జీ వంతు వచ్చేసరికి ఎర్రదీపం వెలిగింది. హాలు పనివాళ్ళ ఖాకీ చొక్కాలు కుట్టేది అతనే.

"ఎండలో నుంచున్నాను కదా మామా, ఒళ్ళు కాలదా మరి? కాసేపు నీడన కూర్చుని వస్తా, మళ్ళీ చూడు."

నీడన కూర్చోబెట్టి మళ్ళీ చూశాడు. మళ్ళీ ఎరుపే. దర్జీ జేబులోంచి ఇంటి తాళంచెవి తీసి, వరసలో వెనకున్న తమ్ముడి వైపు విసిరి, రోడ్డు దాటాడు. వ్యాను తలుపు తెరుచుకుంది, మూసుకుంది. టార్చి, గన్ను అద్దాన్ని చొక్కా అంచుతో తుడిచి తరవాతి మనిషిని రమ్మన్నాడు. తప్పు చేశానని అతనికి అనిపించలేదు.

మధ్యాహ్నం కావస్తుండగా క్యాంటీనమ్మ వచ్చింది. హాల్లో టీలూ సోడాలూ అమ్మిన మనిషి. ఇంటర్వెల్లో ఆమె గొంతు బాల్కనీ దాకా ఖంగుమని వినిపించేది. ఇవాళ ముఖానికి పౌడరు దట్టంగా అద్దుకుంది. చెంపల దగ్గర అది చెమటకి చారలు కట్టింది.

"ఏం అన్నయ్యా, ఇవాళ హౌస్‌ఫుల్లా?"

"ఆడే బొమ్మ లేదు గానీ, హౌస్‌ఫుల్లే చెల్లెమ్మా."

నవ్వబోయి ఆగిపోయింది. పెదవులు ఎండి పొలుసులు లేచాయి. అతను గన్ను ఎత్తాడు. ఎర్రదీపం. అతని వీపు అడ్డం ఉండడంతో అది మరెవరికీ కనిపించలేదు.

"వ్యాను ఎక్కు," అన్నాడు గొంతు తగ్గించి. "డాక్టర్లు చూస్తారు."

"ఎక్కనని ఎవరన్నారు? మనవరాల్ని పక్కింటావిడ దగ్గర కూర్చోబెట్టి వచ్చా. దానికి నేను తప్ప ఎవరున్నారు చెప్పు? ఈ సాయం తీసుకెళ్ళి ఆవిడ చేతిలో పెట్టి, పిల్లని నాలుగు రోజులు చూడమని చెప్పి, సాయంత్రం నా అంతట నేనే వచ్చి ఎక్కుతా. నీ మీద ఒట్టు."

అతని భార్య ఆసుపత్రిలో ఉన్న నెలంతా కూతురికి జడలు వేసి బడికి పంపింది ఈమే. ఆ మాట ఆమె ఎత్తలేదు. ఎత్తి ఉంటే కాదనడం తేలికయ్యేదేమో.

వరసలో వెనకనించి ఎవరో "కానివ్వండి బాబూ" అన్నారు.

"గోడ పక్కన కూర్చో. ఎవరితోనూ మాట్లాడకు. నంబరు పిలవగానే తీసుకుని వచ్చెయ్," అంటూ చీటీ ఇచ్చాడు. తనే ముందు నడిచి, పక్కన ఎవరూ లేని మూల సీటు చూపించాడు. పాత అలవాటు కొద్దీ చెయ్యి ముందుకు చాపి మరీ చూపించాడు. ఆమె కూర్చుని గోడకి తల ఆనించి, వెళ్ళమన్నట్టు చెయ్యి ఊపింది.

అయితే హాలు నిండుతోంది. కాసేపటికి వెనక్కి తిరిగి చూస్తే ఆమె ముందు వరసలో ఒక పడుచుపిల్ల చంటిబిడ్డతో కూర్చుని ఉంది. బిడ్డ తల్లి భుజం మీంచి వెనక్కి చూస్తూ చేతులాడిస్తోంది. అతను రెండడుగులు లోపలికి వేశాడు. ఏమని లేపాలి? ఎందుకని అడిగితే ఏం చెప్పాలి? గుమ్మం దగ్గర జనం తోసుకుంటున్నారని మేనేజరు కేకేశాడు. వెనక్కి వచ్చేశాడు. లోపలినించి ఒక దగ్గు వినిపించింది. చీకట్లో మనుషుల్ని దగ్గును బట్టీ నవ్వును బట్టీ పోల్చుకోవడం అతనికి అలవాటే. ఆ తరవాత ఆ దగ్గు వినపడలేదు. ఆమెకి కాస్త నెమ్మదించిందనుకున్నాడు.

స్టేజీ మీద సాయం పంచే గుమాస్తా మైకులో నంబరు పిలిచాడు. జవాబు లేదు. మళ్ళీ పిలిచాడు.

"ఎవరండీ ఆ నంబరు? ఆ మూలనున్నావిడా? నిద్రపోయినట్టుంది, కాస్త లేపండి."

ఎవరో కిసుక్కుమన్నారు. టార్చి, గన్ను గుమ్మం బల్ల మీద పెట్టి లోపలికి నడిచాడు. రెండో ఆట అయ్యాక అలా నిద్రపోయినవాళ్ళని భుజం తట్టి "లేవండి, ఆట అయిపోయింది" అని లేపడం అతని పనే. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగింది. ఆమె కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. తెర మీది తెల్లగుడ్డని చూస్తున్నట్టే ఉంది. నోటి పక్క పౌడరు తడిసింది. ముంజేయి పట్టుకున్నాడు. వేడి ఇంకా పోలేదు. మనిషి లేదు.

వ్యాను దగ్గరుండే నర్సు వచ్చింది. జనం ఒక్కసారిగా లేచి గోడల వైపు జరిగారు. గుమాస్తా మైకు ఆపడం మరిచిపోయాడు. అతని మాట హాలంతా మోగింది.

"గుమ్మం దగ్గర ఈమెని చూసిందెవరు?"

మేనేజరు కంగారుగా అందుకున్నాడు. "ఆ గన్ను నిన్నటినించీ సరిగా పనిచెయ్యట్లేదు సార్. చెబుతూనే ఉన్నాం."

తప్పుకోవడానికి దారి అది. టార్చికి తెలుసు. తల్లి భుజం మీద చంటిబిడ్డ ఇంకా అటే చూస్తోంది.

"గన్ను బాగానే ఉందండీ," అన్నాడు. "ఆమెకి జ్వరం ఉంది. చూసే పంపించాను."

పడుచుపిల్ల బిడ్డని ముందుకు తిప్పి గుండెలకి అదుముకుంది. "తెలిసేనా?" అంది. "తెలిసే మమ్మల్ని అక్కడ కూర్చోనిచ్చావా మామా?"

అతను తల వంచుకున్నాడు. ఏం చెప్పినా ఆ పిల్ల ముఖంలోకి చూసి చెప్పాలి. అది చేతకాలేదు.

క్యాంటీనమ్మ చుట్టుపక్కల కూర్చున్నవాళ్ళంతా వ్యాను ఎక్కాలంది నర్సు. అతనూ ఎక్కాలి. సాయం ఇంకా చేతికి రాలేదని పడుచుపిల్ల ఏడుస్తూ గుమాస్తా బల్ల దాకా వెళ్ళింది. దూరంగా ఉండమని గుమాస్తా కుర్చీ వెనక్కి లాక్కున్నాడు. క్యాంటీనమ్మకి రావలసింది ఆమె మనవరాలికి ఇవ్వమని టార్చి అడిగాడు.

"మనిషే రావాలి కదయ్యా. నా చేతుల్లో ఏముంది?" అన్నాడు గుమాస్తా, అతని వైపు చూడకుండా.

వ్యాను మెట్టు ఎక్కుతూ టార్చి ఒక్కసారి వెనక్కి తిరిగాడు. "పిల్ల పక్కింట్లో ఉందండీ. చీకటి పడేలోపు ఎవరినైనా పంపండి. వాళ్ళమ్మమ్మ వస్తుందని గుమ్మంలో కూర్చుని ఉంటుంది."

మేనేజరు ఫుట్‌పాతు మీంచి దిగకుండానే తల ఊపాడు.

లోపల బెంచీ మీద ఎవరూ అతని పక్కన కూర్చోలేదు. తలుపు బయటినించి గడియ పడింది. చంటిబిడ్డ దగ్గింది. చిన్న దగ్గు, పాలు పొలమారినప్పుడు వచ్చేలాంటిది. తల్లి దాని వీపు నిమురుతూ అతని వైపు చూసింది. అతని గొంతులో ఉదయం నుంచీ ఉన్న గరగర ఇప్పుడు బాగా తెలుస్తోంది. పొద్దున వరసలో నిలబడ్డవాళ్ళలాగే గుటక వేసి దాన్ని మింగబోయాడు. అది దిగలేదు.

సాయంత్రం శవాన్ని తీసుకెళ్ళాక మేనేజరు లైట్లు ఆర్పి హాలు తాళం వేయించాడు. ఆ వరస తుడవడానికి ఎవరూ ఒప్పుకోలేదు. మూల సీటు కింద ఆమె విడిచిన చెప్పులు అలాగే ఉన్నాయి. ఒకదాని పట్టీ తెగితే పిన్నీసు పెట్టుకుంది. మళ్ళీ లేచేటప్పుడు వంగి వెతుక్కోకుండా కాళ్ళు దూర్చుకోవడానికి వీలుగా, రెండింటినీ ముందువైపుకి తిప్పి, పక్కపక్కనే పెట్టుకుంది.