నది మధ్యలో రాసిన వాక్యం

బద్రియా పొద్దున్నే లేచి టీ నీళ్ళు పొయ్యి మీద పెట్టే వేళకి ఇల్లు బాగ్దాద్ నదికి పడమటి ఒడ్డున, కాజిమియాలో ఉండేది. మధ్యాహ్నం అజాన్ వినబడగానే గిన్నెలు ఒకసారి గలగలమనేవి. ఇల్లు మెల్లగా నది దాటి తూర్పు ఒడ్డున, ఆజమియాలో ఆగేది. సాయంత్రపు అజాన్‌కి మళ్ళీ వెనక్కి. ముప్ఫై ఆరేళ్ళుగా ఇదే వరస. కూరగాయలు పడమట కొనుక్కునేది, రొట్టె తూర్పున తెచ్చుకునేది.

కాజిమియా షియాల పేట, బద్రియా పుట్టిల్లు. ఆజమియా సున్నీల పేట, ఆమె భర్త దావూద్ పుట్టి పెరిగిన చోటు. పెళ్ళయిన కొత్తలో పిల్ల మా కళ్ళ ముందే ఉండాలని వీళ్ళూ, కోడలు మా వీధిలోనే ఉండాలని వాళ్ళూ పంతం పట్టారు. ఎవరూ తగ్గకపోతే చివరికి ఇల్లే సర్దుకుపోయింది. పరాయి సైన్యం బాగ్దాద్‌లోకి వచ్చాక, వంతెన దగ్గర కాపలా ఉన్న సైనికులు ఆ ఇంటికి పడవ లైసెన్సు అడిగారు. బద్రియా ఇంటి పన్ను రసీదు చూపించింది. వాళ్ళు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి ఇచ్చేశారు.

దావూద్ పోయి ఏడాదయింది. కూతురు ఖౌలాకి ముప్ఫై నాలుగేళ్ళు. రాజ్యాంగం రాసే సంఘంలో టైపిస్టు. రోజూ మూడు చోట్ల కుక్కలచేత చేతిసంచీ వాసన చూపించుకుని లోపలికి వెళ్ళేది. నిన్న టైపు చేసిన పేజీనే ఈరోజు ఒక్క మాట మార్చి మళ్ళీ టైపు చేసేది. మతం చట్టానికి "ఒక మూలం" అని సున్నీ వకీలు సఫ్వాన్ రాయిస్తే, "మూలం" అంటే చాలు, ఆ "ఒక" ఎందుకని షియా పెద్ద సయ్యద్ మొహ్సిన్ కొట్టేయించేవాడు. ఇద్దరి మధ్యా విదేశీ సలహాదారు కూర్చుని గడియారం చూసేవాడు. రాత ముగించడానికి ఆగస్టు పదిహేను గడువు పెట్టింది ఆయనే.

జులై నెలలో పేచీ ఇంకో వాక్యం దగ్గర ముడిపడింది. పెళ్ళి, విడాకులు, వారసత్వం ఇకమీద ఎవరి తెగ ప్రకారం వాళ్ళకి అని ఆ వాక్యం. సయ్యద్ ఉండాలనేవాడు, వకీలు వద్దనేవాడు. దాన్ని ఖౌలా పదకొండుసార్లు టైపు చేసింది. టైపు చేసిన ప్రతిసారీ "వారసత్వం" అన్న మాట దగ్గర వేళ్ళు ఆగేవి, ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

ఒకరోజు వరండాలో ఆ ఇద్దరూ మాట్లాడుకోవడం ఆమె చెవిన పడింది.

"ఈ సలహాదారు లేకుండా ఒక పూట కూర్చుంటే తేలిపోతుంది, వకీలు గారూ."

"ఎక్కడ కూర్చుంటాం? మా పేటకి వస్తారా?"

"వస్తే నా తలపాగా ఒక్కటే ఇంటికి తిరిగొస్తుంది."

"మీ పేటకి నేనొస్తే తిరిగి రావడానికి నాకు తలపాగా కూడా లేదు."

ఖౌలా కాగితాలు సర్దుకుంటూనే అంది. "మా ఇంటికి రండి. సయ్యద్ గారు పొద్దున్న పడమట ఎక్కండి. వకీలు గారు మధ్యాహ్నం తూర్పున ఎక్కి, సాయంత్రపు అజాన్ లోపల దిగిపోండి. ఎవరూ ఎవరి పేటకీ పోనక్కర్లేదు."

ఇద్దరూ తలూపారు. ఆ ఇల్లు వాళ్ళిద్దరికీ ఏళ్ళ తరబడి తెలిసిందే.

మొదటి శనివారం కరెంటు లేదు, ఎండ పేలిపోతోంది. సయ్యద్ విసనకర్రతో విసురుకుంటూ ప్రవక్త పలికిన హదీసులు చెప్పాడు, వకీలు సెక్షన్లు చెప్పాడు. బద్రియా బెండకాయ పులుసూ అన్నమూ పెడితే మాత్రం మాట్లాడకుండా తిన్నారు. వాక్యం కదల్లేదు.

రెండో శనివారం బద్రియా టీ గ్లాసులు వాళ్ళ ముందు పెట్టి అక్కడే చతికిలబడింది.

"నాయనా, నాకు చదువు లేదు, అడగనా? మా ఆయన సున్నీ, నేను షియాని. ఆయనకి మిగిలింది ఈ పిల్ల ఒక్కతే. ఈ ఇల్లెవరిది?"

"మా ప్రకారమైతే మీ వాటా పోను మొత్తం కూతురిదేనమ్మా," అన్నాడు సయ్యద్.

వకీలు గ్లాసులో ఇంకో చెంచా చక్కెర వేసుకున్నాడు. బద్రియా ఆయన వైపు తిరిగింది. "మా ప్రకారం... మీ వాటా, కూతురి సగం పోను, మిగిలింది దావూద్ గారి తమ్ముడికి వెళ్తుంది," అన్నాడు వకీలు.

"ఆయన అప్పుడే రెండుసార్లు వచ్చాడు," అంది ఖౌలా. "వాక్యం ఎప్పుడు పూర్తవుతుందని నన్నే అడిగాడు. గోడలు కూడా తట్టి చూసుకున్నాడు."

"మరి ఇప్పుడున్న చట్టమో?" అడిగింది బద్రియా.

"అందులోనూ మీ వాటా పోను అంతా కూతురిదే. తెగ అడగరు," అన్నాడు వకీలు. తను ముప్ఫై ఏళ్ళుగా కోర్టులో చెబుతున్న మాటే అయినా, ఆ మాట కొత్తగా విన్నవాడిలా ఆగిపోయాడు.

"అందరికీ బాగానే ఉన్నదాన్ని విప్పి మళ్ళీ కుట్టడం దేనికయ్యా?" అని బద్రియా ఖాళీ గ్లాసులు తీసుకుని లేచింది.

సయ్యద్ జపమాల పక్కన పెట్టాడు. "నాకు నలుగురు కూతుళ్ళు, ఇద్దరు అల్లుళ్ళు సున్నీలు," అన్నాడు, ఎవరూ అడక్కుండానే.

మూడో శనివారం వకీలు ఎక్కీ ఎక్కగానే ఇద్దరూ కాగితం ముందేసుకున్నారు. ఉన్న చట్టం ఉన్నట్టే ఉంటుంది, తెగ పేరు చెప్పి ఏ ఆడదాని హక్కూ తగ్గించరాదు అని రాసుకున్నారు. "రాదు" అనాలా "కూడదు" అనాలా అని ఇంకో అరగంట కొట్టుకున్నారు, అదీ నవ్వుతూనే. ఖౌలా టైపు చేసింది. ఇద్దరూ సంతకాలు పెట్టారు. సాయంత్రపు అజాన్‌కి ఇంకా అరగంట ఉంది. వకీలు ఇంకో టీ అడిగాడు.

గ్లాసు పెదాలకి తగిలేలోపే గిన్నెలు గలగలమన్నాయి. టీ చొక్కా మీద ఒలికింది. ఖౌలా కిటికీ దగ్గరికి పరుగెత్తింది. తూర్పు ఒడ్డు దూరమవుతోంది. ముప్ఫై ఆరేళ్ళలో ఆ ఇల్లు ఒక్క నిమిషం కూడా ముందు కదిలింది లేదు.

"ఆపండమ్మా, నేను దిగాలి! నా కారు అక్కడుంది, మా వాళ్ళిద్దరు ఎదురుచూస్తున్నారు!" అన్నాడు వకీలు.

"ఇల్లు నాయనా, బస్సు కాదు," అంది బద్రియా. "చొక్కా విప్పు, మరక ఆరకముందే ఉతికి పెడతాను."

పడమటి ఒడ్డు చేరుతుండగా తూర్పునుంచి తుపాకుల చప్పుడు వినబడింది. తర్వాత కబురు తెలిసింది. వకీలు కారులో కూర్చున్న ఆయన సహచరులిద్దర్నీ ముసుగులవాళ్ళెవరో కాల్చేశారు. వెనక సీటు తలుపు కూడా తెరిచి చూసి వెళ్ళారట.

వకీలు సఫ్వాన్ బద్రియా కుట్టిన దిండు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. సయ్యద్ లేచి తన పైవస్త్రం తీసి ఆయన భుజాల మీద వేశాడు. "పద. మా వీధిలో ఎవరడిగినా నువ్వు దక్షిణాన బస్రా నుంచి వచ్చిన మా పెద్దమ్మ కొడుకువి. నోరు మాత్రం తెరవకు, ఆ యాస ఆజమియాదని చంటిపిల్లలు కూడా చెప్పేస్తారు."

వాళ్ళు రాసిన కాగితాన్ని ఖౌలా మర్నాడు తీసుకెళ్ళి సంఘంలో ఇచ్చింది. పార్టీల పెద్దలు చదివారు, సలహాదారు చదివాడు, గడువు దగ్గరపడింది. అచ్చయి వచ్చిన ప్రతిలో పాత వాక్యమే ఉంది. ఎవరు మార్చారని అడిగితే పై గది వైపు వేలు చూపించారు. ఆ వాక్యం కింద వేరే చట్టం చేస్తేగానీ అది అమలు కాదనీ, ఆ చట్టం చెయ్యడానికి పార్టీలకి ఇప్పట్లో పొత్తు కుదరదనీ సఫ్వాన్ ఖౌలాకి ధైర్యం చెప్పాడు. ఆమె చిన్నాన్న మూడోసారి గోడలు తట్టి చూడ్డానికి వస్తే సఫ్వానే కూర్చోబెట్టి, పాత చట్టం ఇంకా బతికే ఉందని పేరాపేరా చదివి వినిపించాడు. చిన్నాన్న టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

సఫ్వాన్‌కి మాత్రం ఇక తూర్పు ఒడ్డుకి పోయే దారి లేదు. కాల్పులు జరిగిన పదకొండో రోజు మధ్యాహ్నం ఆయన భార్య లమియా, ఇద్దరు పిల్లలు, నాలుగు మూటలు తూర్పున ఎక్కారు. బద్రియా పిల్లలకి ఖర్జూరాలు పెట్టింది. సాయంత్రపు అజాన్‌కి ఇల్లు పడమట ఆగింది.

గడప బయట సఫ్వాన్, సయ్యద్, సయ్యద్ భార్య జకియా నిలబడి ఉన్నారు. లమియా సయ్యద్ తలపాగాని చూసి ఒక అడుగు వెనక్కి వేసింది. తర్వాత భర్త దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగింది.

"ఇక్కడ మనం ఎవరిమని చెప్పాలి?"

"బస్రా వాళ్ళం."

"బస్రా నేనెప్పుడు చూశాను? అక్కడ చేపల పులుసు ఎలా చేస్తారో కూడా తెలియదు నాకు. పక్కింటివాళ్ళు అడిగితే?"

జకియా ముందుకొచ్చి ఆమె చేతిలోని మూట అందుకుంది.

"నాకూ తెలియదు వదినా," అంది. "రా, ఇద్దరం కలిసి ఏదో ఒకటి కల్పిద్దాం."