దొంగకిచ్చిన పారా

ఆవును పోగొట్టుకున్న ఎదువిహెస్ చేతులకే బేడీలు వేశారు పోలీసులు. నా కళ్లారా చూశాను. ఆమె చేసిన నేరమేంటట? దొంగను నిర్బంధించిందట! విన్నారా చోద్యం?

మా కొండల్లో పశువు పోతే పోలీసుల దగ్గరికి ఎవడూ పోడు. తిరిగి తిరిగి చెప్పులరిగాయి. అందుకే ఊరే పారా కాస్తుంది. దానికి పెద్ద ఎదువిహెస్. ఆమెకున్న ఒక్క పాడి ఆవునీ తోలుకుపోయిన అబ్దోన్ మాకు సంతలో దొరికాడు.

ఊరి సభలో ఒకటే గోల.

"వెధవని చితకబాదండి!" అన్నాడు మా మామ తెయోఫిలో.

"బాదితే నాకు పాలొస్తాయా అన్నా?" అంది ఎదువిహెస్.

"అయితే జైలుకి తోలు."

"అక్కడ కూర్చోబెట్టి మేపితే నాకేం ఒరిగింది? ఆవు దొంగగా వెళ్లి మంద దొంగై వస్తాడు. పగలు నా దుంపచేను తవ్వాలి, రాత్రి మనతో పారా తిరగాలి. పశువు పోయిన ఇంటింటికీ వెళ్లి ఆ ఏడుపు వినాలి."

"దొంగ చేతికి తాళాలిస్తావా!" అని నవ్వాం. ఇవ్వనే ఇచ్చాం.

మొదట్లో వాడిది ఒకటే సణుగుడు. ఓ ముసలమ్మ తన ఖాళీ కొట్టం చూపించి, వాడికే ఉడికిన మొక్కజొన్నలు పెట్టింది. ముద్ద దిగలేదు వాడికి. సభలో లేచి నిలబడ్డాడు.

"తోలింది నేనే. తోలించింది బర్రాంతెస్ దొర. పశువులన్నీ ఆయన దొడ్లోనే ఉన్నాయి."

మర్నాడే పోలీసు జీపు దిగింది. దొర కోసం కాదు, ఎదువిహెస్ కోసం!

"నిన్ను విడిపించాం, పోరా," అన్నాడు సార్జెంటు.

"ఎక్కడికి పోను సారూ? చేను సగమే తవ్వాను," అన్నాడు అబ్దోన్.

మా కడుపు మండిపోయింది. ఎదువిహెస్ మాత్రం తొణకలేదు. బేడీల చేతులతోనే భుజం మీది కంబళి లాగి అబ్దోన్ మీదికి విసిరింది.

"ఇవాళ పారా వంతు నాది. నా బదులు నువ్వు తిరుగు."

జీపు కదిలింది. మేం ఠాణాకి పోతామనుకున్నారు పోలీసులు. పోలేదు. మంద బయటపడితేనే మా ఎదువిహెస్ బయటపడేది. ఊరంతా దొర గేటు ముందు నిలబడ్డాం. కంబళి కప్పుకుని అబ్దోన్ గేటు బాదాడు.

"దొరా, బయటికి రా! సగం చేను నేను తవ్వాను. తక్కిన సగం నీ వంతు. పలుగు తెచ్చాం!"

లోపల్నించి మా గొంతులు గుర్తుపట్టి ఆవులు అరిచాయి. అందరం ఒక్కసారే గేటు మీద చేతులు వేశాం.