కోతులకు కాపలా, కప్పలకు సెలవు

కోరుకొండ మీద కోతులు పలచబడ్డాయంటే శ్యామలాంబకు ఇంట్లో మనుషులు తగ్గినంత బాధ. విదేశాల్లో మందుల పరీక్షలకని బోనుల్లో పట్టుకుపోయారు. సర్కారు వద్దన్నాక కూడా దొంగచాటుగా పట్టుకుపోతూనే ఉన్నారని వినికిడి. భర్త పోయాక మూడెకరాల వరి ఒంటిచేత్తో నెట్టుకొస్తున్న ఆమెకు ఆ చేనే తిండి, బట్ట. ఎవరినీ ఊరికే నమ్మే మనిషి కాదు. పాలవాడి చెంబులో రోజూ వేలు ముంచి చూస్తుంది.

నాట్లు అయ్యీ కాకముందే గోనెసంచులూ వలలూ భుజాన వేసుకుని రాజమౌళి అనే కొత్త మనిషి ఊళ్లో దిగాడు.

"కప్పల కోసం వచ్చానండి. వాటి కాళ్లు పైదేశాలోళ్లు తింటారంటండి. కంపెనీవాళ్లు కొంటారు."

శ్యామలాంబ నమ్మలేదు. కప్పల్ని తినడమేంటి? వాడి నోట్లో మాట కప్పలది, కంటి చూపు కొండది. ఆంజనేయస్వామి రూపాన్ని ఎత్తుకుపోతుంటే తను చూస్తూ ఊరుకోవాలా?

"కప్పలే కావాలంటే నా చేలో పట్టుకోవయ్యా. ఇంకెక్కడా అడుగుపెట్టకు" అంది. గట్టు మీద కూర్చుంటే వాడూ కనిపిస్తాడు, కొండా కనిపిస్తుంది.

"కప్పలు కూడా కోతుల్లాగే లేకుండా పోతాయేమోనే అమ్మా" అంది కూతురు కన్యక.

"కోతీ కప్పా ఒకటేంటి? కోతికి దణ్ణం పెట్టేవాళ్లున్నారు. కప్పకేముంది, చినుకు పడితే పుట్టుకొస్తుంది."

ఆ వానాకాలమంతా రాజమౌళి సంచులు నింపుకున్నాడు. ఆమె ప్రతి సంచీ మూతి విప్పించి చూసింది. అన్నీ కప్పలే. వాడు వెళ్లిపోయాక, తన కాపలా వల్లే కోతులు దక్కాయని ఊరంతా చెప్పుకుంది.

వరి పొట్టకొచ్చేసరికి చేనంతా దోమపురుగు పట్టి సుడులు సుడులుగా ఎండిపోసాగింది. మందు కొట్టినా లాభం లేకపోయింది. పక్కనే తాతాజీ చేను పచ్చగా నవ్వుతోంది. అతనే ఏదో చేశాడని మొదట అనుమానించింది. ఒక సాయంత్రం జల్లు పడ్డాక గట్టు మీద నిలబడి విన్నది. అతని వైపు బెకబెకలే బెకబెకలు. తన వైపు ఒక్క చప్పుడు లేదు. పురుగుల్ని తినేవాటిని తనే దగ్గరుండి పట్టించింది.

మర్నాడు బుట్ట పట్టుకుని తాతాజీ గుమ్మంలో నిలబడింది. ఎందుకో చెప్పుకోవడానికి మొహం చెల్లలేదు.

"తాతాజీగారూ, మీ చేలో కప్పలు ఓ బుట్టెడు పట్టుకోనిస్తారా?"

తాతాజీ బుట్టనూ ఆమెనూ ఎగాదిగా చూశాడు.

"ఏ కంపెనీవాళ్లకండి?" అన్నాడు. జవాబు కోసం ఆగకుండా, కర్ర పుచ్చుకుని తన గట్టు మీద కాపలాకు బయలుదేరాడు.