ఒపేరా హౌసులో వన్స్ మోర్

నరసాపురం నుంచి చెన్నయ్యగారు మస్కట్ వచ్చి పదకొండు రోజులైంది. ఆయన శేషుకుమారికి మేనమామ. నలభై ఏళ్ళు పౌరాణిక నాటకాలకు హార్మోనియం వాయించి, కృష్ణుడి వేషగాడు రాని రోజున కిరీటం తనే పెట్టుకున్న మనిషి. ఇక్కడ మాత్రం ఏదీ ఆయనకు నచ్చడం లేదు. సముద్రం చూపిస్తే "మా ఊరి దగ్గరా ఉంది" అన్నారు. కోట చూపిస్తే మెట్లు ఎక్కువన్నారు. బర్కాలో ఖర్జూరం తోటకు తీసుకెళ్తే నీడ చూసుకుని నిద్రపోయారు.

చివరికి శేషుకుమారి భర్త రఘుపతి ఒపేరా హౌసు పేరెత్తాడు.

"ఒపేరా అంటే ఏవిటల్లుడూ?"

"పాటలతో ఆడే నాటకం మావయ్యగారూ. మాటలు తక్కువ, రాగాలు ఎక్కువ."

"అంటే మనదే." చెన్నయ్యగారు లేచి పంచె మార్చుకున్నారు.

రఘుపతి ఇన్సూరెన్స్ కంపెనీలో మేనేజరు. నియమం ఎక్కడ కనిపించినా అందులో తనను ఉద్దేశించి రాసిందేదో ఉంటుందని నమ్మే రకం. కారులో అల్ హైల్‌లోని ఇంటి నుంచి ఒపేరా హౌసు ఉన్న ఖురమ్ దాకా జాగ్రత్తలు చెబుతూనే ఉన్నాడు. దేన్నీ ముట్టుకోకూడదు, గట్టిగా మాట్లాడకూడదు, గుంపు వదిలి వెళ్ళకూడదు. చెన్నయ్యగారు కిటికీలోంచి చూస్తూ ఊకొట్టారు.

గైడు రయ్యా అనే ఒమానీ అమ్మాయి. గుంపులో వీళ్ళు ముగ్గురూ, ఒక జర్మన్ జంటా, మరో పదిమందీ ఉన్నారు. భవనాన్ని 2011లో తెరిచారనీ, తెల్లటి రాతి గోడలూ కమానులూ కోటల్ని గుర్తుచేస్తే, లోపలి అంతస్తుల బాల్కనీలు ఇటలీ పద్ధతిలో ఉంటాయనీ ఆమె చెప్పింది. రఘుపతి గుసగుసగా తెలుగు చేశాడు.

"పదిహేనేళ్ళేనా? మా హార్మోనియం పెట్టెకే యాభై ఏళ్ళు" అన్నారు చెన్నయ్యగారు.

హాల్లోకి వెళ్ళాక ఆయన నడక ఆపేశారు. తల పైకెత్తి చెక్కిన టేకు నగిషీలూ పైకప్పూ చూస్తూ ఉండిపోయారు. వేదిక వెనక గాలితో మోగే నిలువెత్తు ఆర్గాన్ వాద్యం ఉంది. నాలుగు వేల పైచిలుకు గొట్టాలనీ, నాటకం ఉన్న రోజున అది ఉన్న భాగమంతా పట్టాల మీద వెనక్కి జరుగుతుందనీ రయ్యా చెప్పింది.

"హార్మోనియానికి ముత్తాత" అన్నారాయన. చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకున్నారు. జర్మన్ జంట కూడా చేతులు జోడించారు, అదీ పద్ధతేననుకుని.

ప్రతి కుర్చీ వెనకా చిన్న తెర ఉంది. పాట అర్థం అందులో కనిపిస్తుందట. "అర్థం చదువుకుంటూ కూర్చుంటే పద్యం ఎవరు వింటారు?" అని ఆయన అడిగితే రఘుపతి ఆ ప్రశ్నను అనువదించలేదు. తర్వాత రయ్యా అన్న మాటను మాత్రం పొరపాటున అనువదించాడు. ఇక్కడ గాయకులు మైకు లేకుండా పాడతారు, గొంతు చివరి వరసదాకా చేరుతుంది.

"చేరుతుందా?"

"చేరుతుందట."

చెన్నయ్యగారు ఎడమ చెయ్యి చెవికి ఆనించుకున్నారు. ఆ చెయ్యి ఎందుకు లేచిందో శేషుకుమారికి తెలుసు. "మావయ్యా, వద్దు" అనేలోపే మోహన రాగం బయల్దేరింది.

డెబ్బై మూడేళ్ళ గొంతు. అయినా మెట్టు మెట్టుగా ఎక్కి, పైషడ్జం దగ్గర నిలబడి, కిందికి చూసి, ఇంకో మెట్టు ఎక్కింది. గుంపు కదలకుండా నిలబడింది. రయ్యా దగ్గరికొచ్చి హిందీలో "దాదాజీ, బస్" అంది మెల్లగా. ఆయన వేలెత్తి, కొంచెం ఆగమన్నట్టు సైగ చేసి, రాగం ముగించాకే నోరు మూశారు.

అంతలో పై బాల్కనీలోంచి ఒక గొంతు స్పష్టంగా వినిపించింది.

"వన్స్ మోర్."

తల ఎత్తితే, యూనిఫాం వేసుకుని చేతిలో తుడిచే గుడ్డతో ఒకతను రెయిలింగ్ మీంచి వంగి చూస్తున్నాడు. వన్స్ మోర్ అన్నాక మళ్ళీ పాడకపోవడం చెన్నయ్యగారి జీవితంలో జరగలేదు. రెండోసారి మొదలుపెట్టారు. ఈసారి జర్మన్ దంపతులు చప్పట్లు కొట్టి, సాయంత్రం ఆట ఎన్ని గంటలకని రయ్యాను అడిగారు. ఆమె నవ్వాపుకోలేక గోడవైపు తిరిగింది. గుంపును మాత్రం మామూలు కంటే వేగంగా బయటికి నడిపించింది.

కమాను కింద రఘుపతి ఆమెకు ఆరోసారి క్షమాపణ చెబుతుండగా యూనిఫాం అతను ఆయాసపడుతూ వచ్చాడు. పేరు వహీద్, ఊరు ప్రొద్దుటూరు.

"మా నాయన నన్ను భుజాన ఏస్కోని నాటకాలకు తీస్కపోతాండె పెద్దాయనా. మొదటిసారి చానా బాగా పాడినారు."

చెన్నయ్యగారు తల పంకించారు.

"రెండోసారి శ్రుతి జారిపాయ."

"ఎక్కడ?"

"పైన నిలబడినారు చూడు, ఆడ. ఎంట్రుకంత."

కృష్ణుడి వేషంలో రాళ్ళ దెబ్బలు కూడా తిన్నారేమో గాని, చెన్నయ్యగారు ఇంతగా ఎప్పుడూ ముడుచుకుపోలేదు. వెంటనే లోపలికి పోయి సరిచేసి వస్తానన్నారు. రఘుపతి ఆయన పంచె చెంగు పట్టుకున్నాడు. వహీద్‌కు డ్యూటీ ఉంది. చివరికి శేషుకుమారే, శుక్రవారం సెలవేగా, ఇంటికి రమ్మని తగువు తెంచింది.

శుక్రవారం సాయంత్రం వహీద్ రూమ్‌మేట్లు నలుగురితో అల్ హైల్‌లోని ఇంటికి వచ్చాడు. శ్రుతి పెట్టె లేదు కాబట్టి రఘుపతి సోఫా అంచున కూర్చుని "ఊ" అని సన్నగా అంటూ ఉండాలని నిర్ణయమైంది. చెన్నయ్యగారు రెండు గంటలు పాడారు. శేషుకుమారి పకోడీలు మూడుసార్లు వేసింది.

"ఇయ్యాళ మీరు జారలేదు పెద్దాయనా" అన్నాడు వహీద్ లేస్తూ. "సారే జారినాడు."

ఆ రాత్రి రఘుపతి భోజనం చెయ్యకుండా బాల్కనీలో నిలబడి, "ఊ" అనుకుంటూ చాలాసేపు ఉన్నాడు.