పేరు ఎత్తితేనే రాగం

యుద్ధం నడుస్తున్న రోజులవి. మేం వనపర్తిలో ఉండేవాళ్లం. మా అక్క సుగుణమ్మ మొగుడు దేవరాజు ఫిడేలు వాయించేవాడు. వాయించడమేనా, కొత్తవి కట్టేవాడు కూడా. ఫిడేలు, వీణ, మద్దెల, అంతే. పాడే మనిషి ఉండడు. ఒక గదిలో పదిమంది కూర్చుని వినాలి. బాణీలు మాత్రం పాతవే తెచ్చి పేనేవాడు, దంపుళ్ల పాటలనీ, పీర్ల ముందు ఏడ్చే పాటలనీ. ఆ ఏడు కట్టినదానికి ముగింపు కుదరలేదు. చావింట్లో పూర్వపు ఆడవాళ్లు తీసే శోకరాగం కావాలన్నాడు. అది నిండుగా వచ్చింది వీపనగండ్ల జమ్ములమ్మ ఒక్కదానికే. చూపు పోయి, దగ్గు పట్టి, మా వాడలో కూతురి పంచన చేరింది. ఆమె పోతే రాగమూ పోతుందని బావకు ముద్ద దిగేది కాదు. చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చాడు.

"తియ్యి అవ్వా."

"ఎవలు సచ్చిండ్రు?"

"ఎవలు సావలే. ఉత్తగనే తియ్యి, నేర్చుకుంట."

జమ్ములమ్మ పకపకా నవ్వింది. "ఉత్తగ ఎట్లొస్తది కొడుకా? పేరు వెట్టి పిలిస్తెనే రాగం లేస్తది. పేరు ఎంత పొడుగుంటె గంత సాగుతది."

"అయితే నా పేరు వెట్టు."

అక్క పొయ్యి దగ్గర నుంచి ఉరికొచ్చింది. "నీ నోట్ల మన్ను వడ! పాట కోసం నన్ను ముండమోపిని జేస్తవా?"

ముసలమ్మ కర్ర తడుముకుంటూ లేచింది. "బతికున్నోని పేరు నేనెత్తను."

వానలకు గత్తర, అదే కలరా, వచ్చింది. అక్క కూతురు నీలవేణి, ఆరేండ్లది, పొద్దున వాంతులు మొదలైతే పొద్దుగూకకముందే పోయింది. గత్తర ఇంటికి ఎవరొస్తారు? జమ్ములమ్మ వచ్చింది.

"నీలవేణీ..." అని ఎత్తింది. ఎట్లా చెప్పను ఆ రాగం! కింద నుంచి లేచి, నడిమిట్ల విరిగి, మళ్లీ లేవలేక లేవలేక లేచింది.

బావ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కన్నీళ్లు కారుతున్నాయి, అబద్ధం చెప్పను. కానీ ఎడమచేతి వేళ్లు మోకాలి మీద, తీగలను తొక్కినట్టు, కదులుతున్నాయి.

రాగం ఆగింది. బిడ్డను ఎత్తుకోవడానికి మా నాయన బక్కయ్య వంగాడు. బావ చెయ్యి అడ్డం పెట్టాడు.

"అవ్వా, ఆ నడిమి విరుపు... ఇంకొక్కసారి."

కన్నతండ్రి దుఃఖమనుకుంది ఆ గుడ్డిది. మళ్లీ బిడ్డ పేరు ఎత్తింది. అక్క ఏడుపు ఠక్కున ఆగిపోయింది. బిడ్డను వదిలి, మొగుడి వేళ్లనే చూస్తూ ఉండిపోయింది.