చూడని ఊరి మీద పాణం

దసరా దాటి చలి మొదలైందంటే మహబూబ్‌నగర్ల స్వెటర్ల దుకాణాలు లేస్తయి. ఖాళీ జాగాల కట్టెలు పాతి, తడకలు కట్టి, రంగురంగుల ఉన్ని బట్టలు వేలాడదీస్తరు. అమ్మేది టిబెటోళ్లు. ఊరోళ్లు మాత్రం నేపాలోళ్లు అంటరు. ఎస్తేరు కూడా మొదట్ల అట్లనే అనేది. దోల్కర్ అనే టిబెటామె ముసలి తల్లితోని ఎస్తేరు ఇంటి ముందటి అర్రలకు కిరాయికి దిగినంక ఆ మాట మానేసింది.

ఎస్తేరు దవాఖానల ఆయాగ చేసి దిగిపోయిన మనిషి. దోల్కర్ ఆమె కంటే పదేండ్లు చిన్న. కర్ణాటకల టిబెటోళ్ల క్యాంపుల పుట్టింది. వాళ్లమ్మ చిన్నప్పుడే మంచుకొండలు దాటి ఈ దిక్కు వచ్చింది. దోల్కర్ దగ్గర ఉన్నది శరణార్థి కాగితం. ఏ ఊరికి పోయినా ముందు పోలీస్ ఠాణాల చెప్పుకోవాలె. ఏటేటా చలికాలం ఎస్తేరే ఆమెను వెంటబెట్టుకొని ఠాణాకు పోయేది. అట్ల అట్ల ఇద్దరు అక్కచెల్లెండ్ల తీరుగ అయిండ్రు.

తెలంగాణ రాష్ట్రం వచ్చిన నాలుగో ఏడు దోల్కర్ వెంట బిడ్డ యాంగ్‌జోమ్ కూడా వచ్చింది. బెంగళూరుల నర్సింగు చదివిన పిల్ల. ఐర్లండ్ల ఒక దవాఖాన నౌకరి ఇస్తానన్నది. కానీ పాస్‌పోర్టు బదులు శరణార్థులకిచ్చే పసుపు పుస్తకం చూపిస్తే అడిగినచోటల్లా అనుమానాలే.

"ఆంటీ, నువ్వన్న చెప్పు మా అమ్మకు," అన్నది యాంగ్‌జోమ్, అన్నం ముందర కూసొని. "అమ్మ పుట్టిన కాలంల ఈడ పుట్టినోళ్లందరు ఈ దేశపోళ్లే అని కోర్టు చెప్పింది. అమ్మ అడిగితే అమ్మకు పాస్‌పోర్టు వస్తది, అమ్మకు వస్తే నాకూ వస్తది."

"మరింకేంది దోల్కరూ, అడుగు," అన్నది ఎస్తేరు.

దోల్కర్ చెయ్యి కడుక్కొని లేచింది. "క్యాంపుల ఇల్లు ఖాళీ చెయ్యాలె అంటున్నరక్కా. శరణార్థి కాగితం వాపస్ ఇయ్యాలె. మా అమ్మ చచ్చేదాంక తన కాగితాన్ని తలకాడ పెట్టుకొని పండింది. ఈడ మనం చుట్టాలం, ఎన్నటికన్న మనింటికి పోతం అనేది. నేను ఇచ్చేస్తే, ఇగ పోము అని చెప్పినట్టే గదా."

"నువ్వు ఆ ఊరు ఎన్నడు చూసినవే? పుట్టింది ఈడ, పెరిగింది ఈడ. మా తీరుగ మాట్లాడతవు, మా తీరుగ తొక్కు నూరుతవు. ఇంక ఏం దేశం నీది?"

అనేటిదాంక బాగనే అన్నది. దోల్కర్ మొఖం చూసినంక ఎందుకన్ననా అనిపించింది.

"నీకేందక్కా," అన్నది దోల్కర్ మెల్లగ. "నీ ఊరు బస్సెక్కితే వస్తది. పోవాలనిపిస్తే పోతవు. నాకు గట్ల కాదు."

ఎస్తేరు కంచాలు ఎత్తబట్టింది. ఆమె తన ఊరికి పోక నలభై ఏండ్లు దాటింది.

ఆ ఊరు మర్రిగూడ అవతల, ఎండిన చెలకల నడుమ ఉంటది. ఆడి ఫ్లోరైడు బోరింగు నీళ్లు తాగి ఆమె తమ్ముడు బెంజమిన్ కాళ్లు వంకర తిరిగినయి. నాయిన జానయ్య కొడుకును భుజాన వేసుకొని, భార్య సుక్కమ్మను, ఎస్తేరును తోలుకొని ఈ పాలమూరుకు వచ్చిండు. "ఆ నీళ్లు మళ్ల తాగొద్దు, ఆ మట్టి మళ్ల తొక్కొద్దు" అన్నడు. బెంజమిన్ మీసాలు మొలిచే యాళ్లకు చనిపోయిండు. నాయిన మాట ఎస్తేరు దాటలె. కానీ వానకాలం తొలి వాన పడితే చాలు, ఆ ఊరి మట్టి వాసన ముక్కుకు తగిలి, ఆ పూట కూడు సయించకపోయేది. ఈ సంగతి దోల్కర్‌కు కూడా ఎన్నడు చెప్పలె. ఆ రోజు చెప్పింది.

దోల్కర్ అంతా విని, "రేపు పోదాం పా," అన్నది. "దుకాణం పిల్ల చూసుకుంటది."

పొద్దుగాల బయలెల్లిండ్రు. కల్వకుర్తిల ఒక బస్సు, దేవరకొండల ఒక బస్సు మారి, ఆఖరుకు ఆటోల దిగిండ్రు. దారెంట చెలకల్ల ఆడోళ్లు పత్తి ఏరుతున్నరు. ఊరు దగ్గరవడుతుంటే ఎస్తేరు దోల్కర్ చెయ్యి గట్టిగ పట్టుకున్నది.

ఇల్లున్న జాగల తుమ్మచెట్లు మొలిచినయి. గోడ మొదలు మాత్రం మోకాలెత్తు మిగిలింది. పక్కింటి అరుగు మీద కూసున్న ముసలమ్మ మెడ తిప్పలేక, ఒళ్లంత తిప్పి వీళ్ల దిక్కు చూసింది. ఆమె గోపమ్మ, సుక్కమ్మ జతగత్తె.

"ఎవరు బిడ్డా మీరు?"

"నేను ఎస్తేరును చిన్నమ్మా. సుక్కమ్మ బిడ్డను."

గోపమ్మ గోడ పట్టుకొని లేచి, ఎస్తేరు మొఖమంత చేతులతోని తడిమింది. "వచ్చినవా తల్లీ! మీ అమ్మ ఒక్కసారి గూడ రాకపాయె," అనుకుంట లోపలికి పోయి చెంబుతోని నీళ్లు తెచ్చింది. ఎస్తేరు వెనుకకు జరిగింది.

"భయపడకు, బోరింగు నీళ్లు కావు. కిష్ణ నీళ్లు, నల్లాల వస్తున్నయి. తాగు."

ఎస్తేరు తాగింది. తియ్యగున్నయి. సగం తాగి చెంబు దించింది. ఈ నీళ్లు అప్పుడే వస్తే తమ్ముడు బతుకుతుండె, నాయిన ఊరు ఇడువకపోతుండె. చెంబు పట్టుకొని అట్లనే కూలబడి ఏడ్చింది. గోపమ్మ ఓదార్చలె. పక్కన కూసొని వీపు నిమిరింది.

కొంచెం సేపటికి గోపమ్మ దోల్కర్‌ను అడిగింది. "నీది ఏ ఊరమ్మా?"

దోల్కర్ చెప్పింది. కొండల అవతల ఊరు, తను చూడని ఊరు.

"చూడని ఊరి మీద గూడ పాణం కొట్టుకుంటదా బిడ్డా?"

"మా అమ్మ రోజు చెప్పేది. కండ్లు మూస్తే బార్లీ చేను కనబడతది, తెరిస్తే క్యాంపుల మక్కజొన్న చేను," అన్నది దోల్కర్.

వాపస్ వచ్చేటప్పుడు బస్సు కిటికీల నుంచి ఎండ పడుతుంటే ఎస్తేరే ముందు మాట్లాడింది. "దోల్కరూ, నిన్న నేను ఊకెనే నోరు జారిన. నీ మనసు ఒప్పకుంటే ఇయ్యకు. పిల్లను నేను సముదాయిస్త."

దోల్కర్ ఎస్తేరు దిక్కు తిరిగింది.

"మీ నాయిన పిల్లల కోసం ఆ ఊరిడిచిండు. మా అమ్మను గూడ వాళ్ల నాయిన గట్లనే మంచు దాటిచ్చిండు. ఇప్పుడు నా వంతు వచ్చిందక్కా. ఇస్త."

చలి తగ్గినంక తల్లీబిడ్డలు క్యాంపుకు వాపస్ పోయిండ్రు. ఎండకాలం ఒకనాడు ఫోన్ వచ్చింది.

"ఇచ్చేసిన అక్కా."

"ఏమన్నరు?"

"ఏమనలె. తీసుకున్నరు, సంతకం పెట్టమన్నరు. బయటికొచ్చి చాయ్ తాగిన." అంతే. క్యాంపు ఇల్లు ఇడిచి, అమ్మ మొక్కిన పటాలు, ఇత్తడి గిన్నెలు టౌన్ల కిరాయి అర్రకు తెచ్చుకున్నదని తర్వాత తెలిసింది.

ఆ ఏడు గడిచి మళ్ల చలికాలం వచ్చేసరికి యాంగ్‌జోమ్ ఐర్లండ్ పోయింది. దోల్కర్ ఒక్కతే వచ్చింది. కొత్త పాస్‌పోర్టు చూపించింది. ఎస్తేరు అటిటు తిప్పి, "ఫోటోల మంచిగున్నవు," అన్నది. మళ్ల అడిగింది. "దీంతోని మీ ఊరికి పోవచ్చునా?"

"కష్టమే అంటున్నరు మావోళ్లు. పేరు చూస్తేనే సరిహద్దు కాడ వాపస్ పంపుతరట."

ఒకనాడు పగటీలి గిరాకి లేక ఇద్దరు దుకాణం ముందట ఎండల కూసున్నరు. దోల్కర్ స్వెటర్లు మడత పెట్టుకుంట వాళ్లమ్మ ఇంటి సంగతి చెప్పబట్టింది. రాతి గోడలు, మిద్దె మీద ఆరేసిన గడ్డి. నడుమ టక్కున ఆగింది.

"అక్కా, మా అమ్మ ఇంటికి వాగు ఏ దిక్కుండేది? మరిచిపోయిన." చేతిల స్వెటర్ మడత ఇప్పి మళ్ల పెట్టబట్టింది. "అడుగుదామంటే అమ్మ లేదు. బిడ్డకు నేనేం చెప్పాలె?"

"ఎడమ దిక్కు," అన్నది ఎస్తేరు.

"నీకెట్ల తెలుసు?"

"మొదటి రెండేండ్లు మీ అమ్మ గూడ నీతోని వచ్చేది గదా. నా వాకిట్ల కూసొని చెయ్యి చాపి చూపెట్టేది. భాష రాకపోయినా సమజైతుండె. వాగు ఎడమకు, దాని మీద కట్టె వంతెన. వంతెన దాటితే వాళ్లక్క ఇల్లు."

దోల్కర్‌కు వంతెన సంగతి తెల్వనే తెల్వదు. మడత పెడుతున్న స్వెటర్ ఒడిల పెట్టుకొని ఎస్తేరు దిక్కు జరిగింది.

"ఇంకేం చెప్పిందక్కా?"

ఎస్తేరు యాది చేసుకుంట ఒక్కొక్కటే చెప్పబట్టింది.