పాత గుర్తులు చెరిగే చోటు

ఆమె పుట్టినప్పుడే నాలుగున్నర కిలోలు. నాలుక నోట్లో పట్టక పెదాల బయటికి వచ్చి ఉండేది. రొమ్ము పట్టడం చేతకాకపోతే తల్లి పాలు పిండి చెంచాతో పోసింది. రెండో ఏట ఆపరేషన్ చేసి నాలుకను చిన్నది చేశారు. ఇలాంటి పిల్లలకు మూత్రపిండాల్లో కణితి లేచే ప్రమాదం ఉందని, బడికి వెళ్లే వయసు వచ్చాక కూడా తరచూ స్కానింగ్‌కు తిప్పారు. తల్లి ఒక హోటల్ లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసేది. సెలవు అడిగినప్పుడల్లా మేనేజరు మొహం మాడ్చుకునేవాడు. ఆమె లెక్కచేసేది కాదు.

పిల్ల బొద్దుగా ఉండేదని తల్లి పెట్టుకున్న ముద్దుపేరు బొద్దమ్మ. ముప్పై దాటి, సన్నగా రివటలా ఉన్నా ఆ పేరు వదల్లేదు.

బొద్దమ్మ కారు నడపడం నేర్పుతుంది. రోజంతా నోటికి పనే. "బ్రేకు మీ కాలి కింద ఉందండీ, నా గుండెల్లో కాదు" అంటుంటే నేర్చుకునేవాళ్లు భయం మరిచి నవ్వుతారు. భర్త కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీస్తాడు. నెమ్మదైన మనిషి. పిల్లల ఊసు వస్తే ఆమె మాట తప్పించేది. "నువ్వు ఎప్పుడంటే అప్పుడే" అని అతను ఊరుకునేవాడు.

ఒక ఆదివారం పక్కింటి పసివాడు బొద్దమ్మ ఒళ్లో నిద్రపోయాడు. కాళ్లు తిమ్మిరెక్కినా ఆమె కదల్లేదు. కూతుర్ని చూడ్డానికి వచ్చిన బొద్దమ్మ తల్లి అది గమనించింది.

"నీకు పిల్లలంటే ఇష్టం లేదా, భయమా?"

"భయమేనమ్మా. నాకొచ్చింది నా బిడ్డకి రాదని ఎవరు చెప్తారు?"

"ఎవరో ఒకరు చెప్తారు. అడిగితేగా! అడగందే అమ్మైనా పెట్టదు."

"అమ్మే అంటోంది ఆ మాట" అని భర్త నవ్వాడు. మర్నాడే ఫోన్ చేసి జన్యువైద్యురాలి దగ్గర సమయం తీసుకున్నాడు.

డాక్టరమ్మ పాత కాగితాలన్నీ చదివింది, రక్తం పరీక్షకు పంపింది. ఫలితం వచ్చాక బొద్దమ్మను, భర్తను, తల్లిని ముగ్గురినీ కూర్చోబెట్టింది.

"మీ జన్యువుల్లో తప్పేమీ లేదు" అంది. "అయితే జన్యువుల మీద గుర్తులుంటాయి. ఇది పనిచెయ్యాలి, ఇది నోరు మూసుకుని కూర్చోవాలి అని చెప్పే గుర్తులు. కొన్ని తల్లి నుంచి వచ్చిన వాటి మీదే ఉంటాయి, కొన్ని తండ్రి నుంచి వచ్చిన వాటి మీదే. మీరు కడుపులో పడ్డ తొలి రోజుల్లో తల్లి వైపు గుర్తు ఒకటి కొన్ని కణాల్లో జారిపోయింది. అందుకే అలా పెరిగారు."

తల్లి కుర్చీలో ముందుకు జరిగి, "నేను తినకూడనిదేమైనా తిన్నానా డాక్టరమ్మా?" అని అడిగింది.

"లేదమ్మా. మీరు చేసిందేమీ లేదు."

తల్లి తల దించుకుని, కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుంది.

బొద్దమ్మ అసలు ప్రశ్న బయటపెట్టింది. "ఆ గుర్తు నాలో పోయింది కదా, మరి నా అండాల్లోకి ఎక్కడినుంచి వస్తుంది?"

"మంచి ప్రశ్న. పిండం చిక్కుడు గింజంత కూడా లేనప్పుడే కొన్ని కణాలు పక్కకు తప్పుకుంటాయి. రేపటి అండాలకైనా, వీర్యకణాలకైనా అవే మూలం. అవి పిండంలో ప్రయాణం చేసి, అండాశయం తయారయ్యే చోటికి చేరతాయి. ఆ రోజుల్లోనే వాటి మీది పాత గుర్తులు దాదాపు అన్నీ చెరిగిపోతాయి. అమ్మవీ, నాన్నవీ, తేడా లేదు. తర్వాత అండం ఎదిగేటప్పుడు తల్లి గుర్తులు మళ్లీ కొత్తగా పడతాయి. ఒకరికి జారిపోయిందని తర్వాతి వాళ్లకు జారిపోవాలని లేదు. నూటికి నూరుపాళ్లు అని నేను అనను. కానీ ఈ వీధిలో నడిచే ఏ జంటకు ఎంత ప్రమాదమో, మీకూ ఇంచుమించు అంతే."

"నాలో అవి చెరిగింది ఎప్పుడు?"

"మీరు అమ్మ కడుపులో ఉన్నప్పుడే. తొలి నెలల్లోనే మొదలైంది."

బొద్దమ్మ తల్లి వైపు తిరిగింది. అంత పెద్ద పని ఈవిడ లోపల జరిగిందా అన్నట్టు చూసింది.

"నన్నలా చూడకే. నాకేం తెలుసు? అప్పుడు వాంతులతో చస్తున్నాను!" అంది తల్లి.

డాక్టరమ్మ పకపకా నవ్వింది. నవ్వుతూనే బొద్దమ్మకు ఏడుపు వచ్చింది. బయట నడవాలో తల్లి చెయ్యి పట్టుకుని, "నీకెట్లా థాంక్స్ చెప్పాలో తెలీటం లేదమ్మా" అంది.

"తల్లికి థాంక్సేంటే, పరాయిదాన్నా? పద, ఆకలేస్తోంది."

తర్వాతి ఏడు ఆడపిల్ల పుట్టింది. మూడు కిలోలు. పుట్టగానే నోరు తెరిచి గుక్కపట్టి ఏడ్చింది. నర్సు ఆ నోట్లోకి తొంగిచూసి, "అంతా చక్కగా ఉంది" అంది. బొద్దమ్మ భర్త ఆ మాటను మళ్లీ మళ్లీ చెప్పించుకున్నాడు. మూడోసారి నర్సు విసుక్కుని, "రాసిమ్మంటారా?" అంది.

మూడు నెలల పిల్లను ఎత్తుకుని ముగ్గురూ డాక్టరమ్మకు చూపించడానికి వెళ్లారు. ఆవిడ లోపల ఎవరితోనో ఉంది. బయట బెంచీ మీద ఒక కుర్ర జంట ఉన్నారు. ఆ అమ్మాయి చేతుల్లో బొద్దుగా ఉన్న పసిబిడ్డ. నాలుక బయటికి ఉంది. ఎవరూ చూడకూడదని ఆ అమ్మాయి బిడ్డకు చుట్టిన తువ్వాలును నోటి మీదికి లాగుతోంది.

బొద్దమ్మ తన పిల్లను భర్తకిచ్చి, వెళ్లి పక్కన కూర్చుంది.

"నేనూ అలాగే పుట్టాను" అంది.

ఆ అమ్మాయి తలెత్తి ఆమె నోటి వైపే చూసింది. "మీరా? మరి ఇంత బాగా మాట్లాడుతున్నారే!"

"కారులో నా పక్కన కూర్చున్నవాళ్లని అడగండి, ఎంత మాట్లాడతానో. వాళ్ల చెవులు పోతాయి."

ఆ అమ్మాయి మొహం కాస్త తేటపడింది. తువ్వాలు వదిలేసి, "పాలు సరిగా తాగట్లేదండీ, సగం బయటికే పోతున్నాయి" అంది మెల్లిగా.

బొద్దమ్మ తల్లి అప్పటికే తన సంచీ నేల మీద పెట్టి ఇటు వస్తోంది. "జరుగమ్మా" అని వాళ్లిద్దరి మధ్యా చోటు చేసుకుని కూర్చుంది. "ముందు బిడ్డని ఇలా ఇవ్వు. తల కాస్త పైకెత్తి పట్టుకోవాలి. నేను చూపిస్తాను."